అత్తగారి రెండో కంప్యూటర్

ఆఫీసులో అందరూ అతన్ని పెంగ్విన్ అనేవారు. నడక చూసి కాదు, రంగు చూసీ కాదు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి పెంగ్విన్ బొమ్మ గుర్తు. ఆ బొమ్మ అతని టీ కప్పు మీద ఉండేది, సంచీ మీద ఉండేది, లాప్‌టాప్ మూత మీద ఉండేది, ఆఖరికి తాళంచెవుల గుత్తికీ వేలాడేది. మొదట్లో చాటుగా అనుకునేవారు. ఎదురుగా అన్నా నొచ్చుకోవడం లేదని తేలాక బాహాటంగానే పిలవసాగారు. కొత్తగా చేరినవాళ్లకైతే అతని అసలు పేరే తెలియదు.

అతనిది సపోర్టు ఉద్యోగం. ఎవరి కంప్యూటరు మొరాయించినా ఫోను అతని బల్ల మీదే మోగేది. మూడంతస్తుల ఆఫీసది. కింద అకౌంట్స్ వాళ్లకి విండోస్, మధ్యలో బొమ్మలు వేసే డిజైనర్లకి మాక్, పైన చల్లటి గదిలో ఎవరి కంటా పడకుండా పనిచేసుకుపోయే సర్వర్లకి లైనక్స్. మూడింటికీ వైద్యుడు అతనే. చేతులు మూడింటికీ సమానంగానే సేవ చేసేవి గానీ, నోరు మాత్రం ఒకదాని పక్షమే.

"విండోస్ అంటే అద్దె ఇల్లు సార్," అనేవాడు అకౌంట్స్ పెద్దాయన బల్ల కింద దూరి వైర్లు సర్దుతూ. "గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి. మాక్ అంటారా, మంచి హోటల్లో గది. పక్క దులిపి పెడతారు, తువ్వాలు మడిచి పెడతారు. కానీ మంచం ఇటు జరుపుతామంటే ఒప్పుకోరు. లైనక్స్ ఒక్కటే సొంతిల్లు."

"సొంతిల్లేనయ్యా, కాదనను," అనేవాడు పెద్దాయన ఫైల్లోంచి తలెత్తకుండానే. "కుళాయి చెడితే ప్లంబరు పని కూడా మనమే చేసుకోవాలిగా!"

చుట్టుపక్కల బల్లలవాళ్లు ఘొల్లుమనేవారు. పెంగ్విన్ కూడా నవ్వేసేవాడు. కానీ ఊరుకునేవాడు కాదు. వారమంతా వచ్చే ఫోన్లలో సగానికి పైగా కింది అంతస్తు నుంచేనని లెక్కలు తీసేవాడు. ఆ మాట ఇంట్లో అంటే అతని భార్య, పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేసే మనిషి, ఒక్క ముక్కలో తీసిపారేసేది: "కింద ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఎక్కువ ఫోన్లొస్తాయి. మా క్లినిక్కి పళ్లున్నవాళ్లే వస్తారు, లేనివాళ్లు రారు."

ఇలా ఎవరెన్ని అన్నా అతని దగ్గర తిరుగులేని అస్త్రం ఒకటుండేది. అది వాళ్ల అత్తగారు.

అత్తగారు బట్టల కత్తిరింపు నమూనాలు తయారుచేసేది. చొక్కాకి చెయ్యి ఎంత, మెడ ఎంత, చంక దగ్గర వంపు ఎంత అన్నది కంప్యూటర్లో గీసి, అసలు కొలతతో కాగితాల మీద ముద్రించి, ఆ కాగితాలని అంటించి దర్జీలకి అమ్మేది. ఒకప్పుడు అట్టల మీద పెన్సిలుతో గీసేది. వయసు మళ్లాక పట్టుదలగా కూర్చుని కంప్యూటరు నేర్చుకుంది. వీధి చివరి దర్జీ దగ్గర్నుంచి, స్కూలు యూనిఫారాలు కుట్టే పెద్ద దుకాణం దాకా అందరూ ఆవిడ కాగితాల మీదే కత్తెర పెట్టేవారు.

కిందటేడు ఆవిడ పాత కంప్యూటరు పూర్తిగా మూలపడితే అల్లుడు రంగంలోకి దిగాడు. తన దగ్గరున్న మంచి లాప్‌టాప్ ఒకటి తెచ్చి, అందులో లైనక్స్ వేసి, నమూనాలు గీసే ప్రోగ్రాం కూడా కొత్తది వెతికి పెట్టి, ఒక ఆదివారమంతా పక్కన కూర్చుని నేర్పించాడు. అత్తగారు అన్నింటికీ తలూపింది. "బాగుంది బాబూ, చాలా బాగుంది," అంది. ఆ తర్వాత ఆవిడ దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు వస్తే ఒట్టు.

ఇంకేం కావాలి పెంగ్విన్‌కి! "మా అత్తగారు వాడుతున్నారు సార్! ఆవిడకి రాగా లేంది మీకు రాదా?" అని కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. కింది అంతస్తులో చెప్పాడు, లిఫ్టులో చెప్పాడు, టీ దగ్గర చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆ మాట మేనేజరు మేడం చెవిన కూడా పడింది.

కింది అంతస్తులో కంప్యూటర్లన్నీ మార్చే సమయం వచ్చింది. మేడం అతన్ని పిలిపించింది.

"నువ్వు రోజూ చెప్పేదేదో, దాన్ని అకౌంట్స్‌లో పెట్టి చూద్దామా?"

పెంగ్విన్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. "తప్పకుండా మేడం! ఈ నెలలోనే..."

"ఉండు, ఉండు. కింద అందరూ భయపడుతున్నారు. నువ్వు చెబితే వినరు. నువ్వు చెప్పేది వినీ వినీ వాళ్ల చెవులు దిబ్బళ్లు పడ్డాయి. మీ అత్తగారిని ఒకసారి తీసుకురా. ఎలా నేర్చుకున్నారో, ఎలా వాడుతున్నారో ఒక్క పది నిమిషాలు ఆవిడ నోటితో చెప్పమను. ఆవిడ మాట మీద నమ్మకం కుదిరితే సోమవారం నుంచే మొదలుపెట్టు."

అంతకంటే తేలికైన పని ఉందా అనుకున్నాడు పెంగ్విన్. ఫోనులో అడిగితే మర్యాదగా ఉండదని, ఆ మధ్యాహ్నమే ఒక పూట సెలవు పెట్టి, కాస్త బిస్కెట్లు కొనుక్కుని నేరుగా అత్తగారింటికి వెళ్లాడు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

తలుపు మామగారు తీశాడు. అల్లుణ్ని చూడగానే ఆయన ముఖంలో రంగులు మారాయి. గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడి, ఎదురుగా ఉన్న మనిషి చెవిటివాడన్నట్టు గొంతెత్తి అరిచాడు.

"అల్లుడుగారా! అల్లుడుగారొచ్చారే! ఏమేవ్, వినబడిందా? అల్లుడుగారు!"

లోపల కుర్చీ కిర్రుమంది. ఏదో బరువైనది బల్ల మీద నుంచి జరిగింది. ఆ వెంటనే టుడుంగ్ అని ఒక చిన్న శబ్దం వినిపించింది.

ఆ శబ్దం పెంగ్విన్ నిద్రలో కూడా గుర్తుపట్టగలడు. విండోస్ కంప్యూటర్లోంచి ఏదైనా వైరు పీకితే వచ్చే శబ్దం. ఆఫీసులో పొద్దస్తమానం వినేదే. మామగారు ఉలిక్కిపడి గట్టిగా దగ్గాడు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

గదిలోకి వెళ్లేసరికి అత్తగారు కిటికీ దగ్గర బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా అతనిచ్చిన లాప్‌టాప్ తెరిచి ఉంది. దాని తెర నల్లగా ఉంది. మీటల మీద సన్నటి దారప్పోగులూ, సుద్దపొడీ పేరుకుని ఉన్నాయి. అతని చూపు అటు పోవడం గమనించి ఆవిడ గబగబా చేత్తో తుడిచింది. కుట్టుమిషను పక్కన మడతపెట్టని బట్టల గుట్ట ఒకటుంది. ఆ గుట్టలోంచి ఫ్యాను తిరుగుతున్న సన్నని రొద వస్తోంది.

"రండి బాబూ, కూర్చోండి. చెప్పాపెట్టకుండా వచ్చారే! అంతా క్షేమమేనా?"

"క్షేమమే అత్తయ్యా." అతను బట్టల గుట్టకేసి చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. "చిన్న పని మీద వచ్చాను."

ఆ క్షణంలో విషయం వదిలేసి వెళ్లిపోతే బాగుండేది. కానీ నాలుక మీద ఉన్న మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. మేడం కోరిక అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అత్తగారు బిస్కెట్ల పొట్లం తాడు వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది.

"నలుగురిలో మాట్లాడటం నాకు రాదు బాబూ."

"ఎందుకు రాదూ? నాతో మాట్లాడటం లేదూ!" అన్నాడు మామగారు, పరిస్థితి తేలిక చేద్దామని. భార్య ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకున్నాడు.

"మీరంతగా అడుగుతుంటే..." అంది అత్తగారు చివరికి. "మీ మాట పోకూడదు కదా. ఏం చెప్పాలో రాసివ్వండి, చూసి చెబుతాను."

పెంగ్విన్ టీ సగంలో వదిలేసి లేచాడు. వీధిలో కొంతదూరం నడిచాక, జిరాక్స్ షాపు మెట్టు మీద కూలబడ్డాడు. మొదట కోపం వచ్చింది. తనవాళ్లే, తన వెనకాలే ఇంత నాటకమా! తర్వాత ఆ మాటే గుర్తొచ్చింది, 'ఏం చెప్పాలో రాసివ్వండి' అన్నది. ఆవిడ వచ్చి, అంతమంది ముందు నిలబడి, వాడని కంప్యూటరు గురించి వాడుతున్నానని అబద్ధం చెప్పడానికి సిద్ధపడింది. అల్లుడి మాట పోకూడదని. అది తలుచుకునేసరికి కోపం ఎటు పోయిందో తెలియదు.

సాయంత్రం భార్య వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగేశాడు.

"మీ అమ్మ దగ్గర ఇంకో కంప్యూటరు ఉంది కదూ?"

ఆవిడ ఒక చెప్పుతోనే ఆగిపోయింది. అతని ముఖంలోకి చూసి, బొంకి లాభం లేదనుకుని, నిట్టూర్చి పక్కన కూర్చుంది.

"ఉంది. నేనే పాతది చూసి కొనిపెట్టాను. నువ్వు ఇచ్చిన మొదటి నెలలోనే."

"నాకెందుకు చెప్పలేదు?"

"ముందు ఏం జరిగిందో విను. నువ్వు పెట్టిన దాంట్లో అమ్మ స్కూలు చొక్కాల నమూనా గీసింది. దర్జీ దాని ప్రకారమే కత్తిరించాడు. కుట్టాక చంకల దగ్గర పిల్లలకి పట్టేశాయి. అన్నీ కొంచెం కొంచెం చిన్నవి. దుకాణం వాళ్లు నానా మాటలూ అన్నారు. అమ్మ గుడ్డ తనే కొనిచ్చి, కూర్చుని మళ్లీ అన్నీ కత్తిరించింది. తన కళ్లు పోతున్నాయనుకుంది. కొత్త అద్దాలు వేయించుకుంది."

పెంగ్విన్ తాళంచెవుల గుత్తికున్న బొమ్మని వేలితో తిప్పసాగాడు.

"నేను నీకు చెబుదామంటే వద్దంది. 'ఎంతో ముచ్చటపడి పెట్టాడు, మనసు కష్టపెట్టుకుంటాడు' అంది. నాకూ ఒక భయం ఉందిలే. చెబితే నువ్వేం చేసేవాడివి? 'అది చిన్న సెట్టింగే అత్తయ్యా' అంటూ ఇంకో ఆదివారం కూర్చోబెట్టేవాడివి. అమ్మకి కావలసింది అది కాదు. ఆ పాత ప్రోగ్రాం ఆవిడ చేతికి వచ్చు. కళ్లు మూసుకుని గీయగలదు."

"మరి మీ నాన్నగారు?"

"నువ్వొస్తే గుమ్మంలో ఆపడం నాన్న డ్యూటీ." భార్యకి నవ్వాగలేదు. "పాపం, నువ్వు ఆ వీధిలోకి వచ్చావంటే ఆయనకి గుండె దడ."

ఎంత దిగులుగా ఉన్నా పెంగ్విన్‌కీ నవ్వొచ్చింది. కానీ భోజనం దగ్గర మళ్లీ అదే ఆలోచన. అత్తగారి సంగతి ఒకటి, ఆఫీసు సంగతి ఇంకొకటి. ఏడాదిగా ఊరంతా టముకు వేసి చెప్పాడు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని కాదని చెప్పడం?

మర్నాడు శనివారం. ఈసారి ముందుగా ఫోను చేశాడు. "మామయ్యా, నేను వస్తున్నాను. మీరు అరవకండి. అత్తయ్యని ఆ రెండో కంప్యూటరు దాచొద్దనండి," అన్నాడు. అవతల నుంచి మామగారు, "హమ్మయ్య," అన్నాడు.

వెళ్లేసరికి బట్టల గుట్టలో ఉన్నవన్నీ మడతలై అలమరలోకి పోయాయి. విండోస్ కంప్యూటరు దర్జాగా బల్ల మధ్యలో ఉంది. అత్తగారు మాత్రం తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏమీ అనుకోకండి బాబూ. మీరిచ్చింది మంచిదే. నాకే చూపు ఆనక..."

"కూర్చోండి అత్తయ్యా. ఆ చొక్కా నమూనా మొదటిది, తప్పొచ్చింది, ఉందా?"

ఉంది. ఆవిడ దేన్నీ పారేసే మనిషి కాదు. చుట్టి పెట్టిన కాగితం తెచ్చింది. పెంగ్విన్ తనిచ్చిన లాప్‌టాప్ ఆన్ చేసి, అదే నమూనా తెరిచి, తెర మీది కొలత చూసుకుని, కాగితం మీద టేపు పెట్టి కొలిచాడు. తెర మీది అంకె అక్షరాలా సరిగ్గా ఉంది. కాగితం మీద తగ్గింది. ప్రింటు చేసే చోటు తెరిచాడు. 'కాగితానికి సరిపడేలా కుదించు' అన్నదాని పక్కన టిక్కు ఉంది. ఆ టిక్కు ఎవరు పెట్టారో అతనికి తెలుసు. అంచులు తెగిపోకుండా ఉంటాయని ఆ ఆదివారం తనే పెట్టాడు, తన చేత్తో.

'ఇది తీసేస్తే చాలు, అంతా సరిపోతుంది!' అన్న మాట గొంతు దాకా వచ్చింది. భార్య చెప్పింది గుర్తొచ్చి, ఆ మాట మింగేశాడు.

"అత్తయ్యా, మీరు గీసింది సరిగ్గానే గీశారు. ఒక్క గీత కూడా తప్పు లేదు. కాగితం మీదికి వచ్చేటప్పుడు చిన్నదయ్యేలా పెట్టింది నేను. తప్పు నాది. మీ కళ్లది కాదు."

అత్తగారికి వెంటనే అర్థం కాలేదు. కళ్లద్దాలు తీసింది. తెర మీది అంకె చూసింది. టేపు తను తీసుకుని కాగితం మీద మళ్లీ కొలిచింది. ఇంకోసారి కొలిచింది.

"నేను గీసింది సరిగ్గానే ఉందా?"

"సరిగ్గా ఉంది."

"నా చూపు..."

"నిక్షేపంగా ఉంది."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ ముఖం మాత్రం విప్పారింది.

"చిన్నపిల్లల బట్టలు మానేశాను బాబూ," అంది. "పసిపిల్లల చొక్కాకి గీత కాస్త అటూఇటూ అయినా పనికిరాదు. ఇంక నావల్ల కాదులే అని ఏడాదిగా అడిగినవాళ్లందరికీ లేదని చెబుతున్నాను. పెద్దవాళ్లవి కూడా ఎన్నాళ్లు గీయగలనో అని... రాత్రిళ్లు అదే దిగులు."

"ఒక్క ఫోను చేస్తే పోయేదానికి!" అన్నాడు మామగారు. "అల్లుడే అక్కర్లేదు, పక్కింటి మనిషైనా చెప్పేవాడు."

"మీరు మాత్రం చేశారా?"

"నన్ను గుమ్మంలో కాపలా పెట్టావుగా, ఫోను ఎప్పుడు చెయ్యను?"

ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. పెంగ్విన్ లాప్‌టాప్ మూత మూసి పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి విండోస్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. దాని గతి చూసి అయ్యో అనుకున్నాడు. సాయం అడగడానికి మనిషి లేక ఆవిడ ఎవరేది చెబితే ఆ ప్రోగ్రాం దించుకుంది. తెర నిండా అక్కర్లేని ప్రకటనలు, డిస్కు నిండిపోయి గీత గీస్తే కాసేపటికి గానీ కనిపించకపోవడం, ఇన్నాళ్ల నమూనాలకి ఇంకెక్కడా నకలు లేకపోవడం. ఇంట్లో సపోర్టు ఉద్యోగి ఉండి కూడా ఆవిడ ఏడాది పాటు దిక్కులేనిదానిలా నెట్టుకొచ్చింది.

చెత్తంతా తీసేశాడు. నమూనాలన్నింటినీ వేరే డిస్కులోకి ఎక్కించాడు. మెషీను తేలికపడి చకచకా కదలడం మొదలుపెట్టాక అత్తగారు ఒక మెడ వంపు గీసింది. ఆవిడ వేళ్లు మీటల మీద చూడకుండానే పరిగెత్తడం అతను మొదటిసారి చూశాడు. తను నేర్పిన ఆదివారం ఆవిడ ఒక్కో మీటనీ వెతుక్కుంటూ నొక్కింది. అప్పుడు వయసు అనుకున్నాడు. వయసు కాదు, అలవాటైన చోటు తను లాగేసుకోవడం.

"అబ్బ!" అంది ఆవిడ. "ఎంత హాయిగా ఉందో!"

ఎందుకో ఆ హాయి తనకే తగిలినట్టు, పెంగ్విన్‌కి కూడా భుజాల మీది బరువు దిగిపోయింది.

అయితే ఆఫీసు ఇంకా మిగిలే ఉంది. సోమవారం పొద్దున మేడం గదిలోకి వెళ్లాడు. అకౌంట్స్ పెద్దాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. మరీ మంచిదే, ఒకేసారి అయిపోతుంది అనుకున్నాడు.

"మేడం, మా అత్తగారు రారు. ఆవిడ లైనక్స్ వాడటం లేదు. మొదటి నెల తర్వాత వాడనే లేదట. నాకు చెబితే బాధపడతానని దాచారు. నేను తెలియక ఏడాదిగా డప్పు కొట్టాను."

ముందు నవ్వింది పెద్దాయన. వెక్కిరింపు నవ్వు కాదు. కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అమ్మయ్య! బతికించావయ్యా! ఇవాళ ఆవిడ ఎదురుగా కాదనలేక ఒప్పుకోవాల్సి వస్తుందని పొద్దుటి నుంచి నా ప్రాణం కొట్టుకుంటోంది. నెలాఖరు లెక్కల ముందు మాకెందుకయ్యా ఈ పరీక్ష!"

"ఆ మాట ముందే అనొచ్చుగా సార్?"

"నీ ఉత్సాహం చూసి నోరు రాలేదు."

మేడం కూడా నవ్వాపుకుంటూ అడిగింది: "అయితే ఇప్పుడు నీ సలహా ఏమిటి?"

పెంగ్విన్ రాత్రంతా ఆలోచించుకుని వచ్చాడు. "అకౌంట్స్‌కి విండోసే ఉంచుదాం మేడం. వాళ్ల ప్రోగ్రాంలన్నీ దాంట్లోనే ఉన్నాయి, వాళ్ల చేతులు దానికే అలవాటు. రిసెప్షన్ వాళ్లు మాత్రం రోజంతా బ్రౌజరు తప్ప ఏమీ తెరవరు. అక్కడ లైనక్స్ బాగా కుదురుతుంది. కావాలంటే పెట్టి చూద్దాం. ఎలా ఉందో మాత్రం నేను గదిలో లేనప్పుడు మీరే అడగండి."

"ఎందుకట?"

"నేనుంటే అందరూ బాగుందనే అంటున్నారు మేడం. ఈ మధ్యే తెలిసింది."

అలాగే చేశారు. రిసెప్షన్లో ఇద్దరమ్మాయిలు. ఒకామెకి తెగ నచ్చింది, తీసెయ్యొద్దంది. రెండో ఆమె వారం ఓపికపట్టి, మేడంతో తన పాతది తనకిమ్మని చెప్పింది. పెంగ్విన్ మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. ఆమె భయంభయంగా, "కోపం వచ్చిందా?" అని అడిగితే, "దేనికి? ఇదైతే మీకు పని తొందరగా అవుతుంది. నాకు ఫోన్లు తగ్గుతాయి," అన్నాడు. అన్నాక చూసుకుంటే, నిజంగానే కోపం లేదు. ఒకప్పుడైతే ఆ పూటంతా ముఖం ముడుచుకునేవాడు.

లైనక్స్ మీద ప్రేమేమీ తగ్గలేదు. తన సొంత పనికి ఇప్పటికీ అదే. కొత్తగా చేరిన డిజైనరు కుర్రవాడొకడు టీ దగ్గర, "మూడింట్లో ఏది గొప్పది?" అని అడిగితే చుట్టూ ఉన్నవాళ్లు, ఇక అయిపోయాంరా అన్నట్టు కప్పులతో లేవబోయారు. పెంగ్విన్ మాత్రం, "నువ్వు చేసే పనేంటి?" అని అడిగి, ఆ కుర్రవాడు చెప్పుకుపోతుంటే వింటూ నిలబడ్డాడు. లేవబోయినవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

ఆ నెలలోనే అత్తగారు పసిపిల్లల చొక్కా నమూనా గీసింది. ఆదివారం కూతురూ అల్లుడూ వెళ్లేసరికి బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. ఒక్కొక్క చెయ్యి అరచేయంత కూడా లేదు. మామగారు జిగురు సీసా పట్టుకుని అంచులు అంటిస్తున్నాడు, సగం జిగురు ఆయన వేళ్లకే ఉంది.

"ఇలా ఇవ్వండి, మీవల్ల కాదు," అంది అత్తగారు ఆయనతో. అల్లుడి వైపు తిరిగి, ఏ మొహమాటమూ లేకుండా అంది: "బాబూ, ప్రింటరు మళ్లీ కాగితం మింగేసింది. ముందు దాని సంగతి చూడండి, టీ తర్వాత."

"అలాగే అత్తయ్యా," అని పెంగ్విన్ నేల మీద చతికిలబడి ప్రింటరు మూత తెరిచాడు.